నేను పోయాననుకో

మా నాన్న కల్లంలో నులక మంచం మీద కూర్చుని కోల్డ్ స్టోరేజీకి ఫోన్ చేశాడు. ఆయన ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది. చెవికి ఆనించుకుంటే సగం మాటలు లోపలే ఉండిపోతాయని ఆయన నమ్మకం. అవతల ఎత్తింది మనిషి కాదు, మా కంపెనీ తయారుచేసిన ఏఐ ఏజెంట్. దానికి ఆడపిల్ల గొంతు పెట్టాం.

"అమ్మాయ్, నిరుటి తేజా మిరపకాయలు ఉన్నయ్ గదా మాయి. రేపు పార్టీ వస్తన్నాడు. ఒక పది బస్తాలు సిద్ధంగా ఉంచండి" అన్నాడు నాన్న. పార్టీ అంటే కొనేవాడు.

"అలాగేనండి. వచ్చేవాళ్ళు చూసుకోవడానికా అండి, తీసుకెళ్ళిపోవడానికా?"

"చూసుకోవడానికేనమ్మా."

"అయితే పొద్దున తీయించి నీడలో పెట్టిస్తామండి. సాయంత్రానికి మళ్ళీ లోపల పెట్టించమంటారా?"

"అంతేనమ్మా, అంతే."

ఫోన్ పెట్టేసి నాన్న నా వైపు చూశాడు. ఆ చూపు కోసం నేను చాలా ఏళ్ళ నుంచి ఎదురుచూస్తున్నాను. నా కథలు ఆదివారం పేపర్లలో అచ్చయినప్పుడు అది రాలేదు. ఉగాది పోటీలో బహుమతి వచ్చినప్పుడు కూడా, "చివర్లో ఏమైందో చెప్పవేందమ్మా?" అని పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఎంత పద్ధతిగా అడిగింది చూడు. దానికి ఇట్టా అడగమని రాసిపెట్టేది మీరేనంటగా. ఇది నువ్వు రాసిందేనా?"

నేను నోరు తెరిచేలోపే ఆయన కళ్ళు పడమటి మబ్బు మీదికి పోయాయి. కల్లం నిండా కొత్త కాయలు ఆరబోసి ఉన్నాయి. "ఉండు, వచ్చి వింటా" అంటూ లేచి, టార్పాలిన్ పట్టాలు కప్పడానికి కూలీలను కేకేశాడు. నేనూ వెళ్ళి ఒక పట్టా కొస పట్టుకున్నాను. చేతులు కాయల మీద పట్టా లాగుతున్నాయి గానీ మనసు ఆ ప్రశ్న రాసిన మనిషి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆమెను పోయిన నెలలో ప్రత్తిపాడులో సమాధి చేసి వచ్చాం.

ఆఫీసులో అందరూ ఆమెను అక్కా అనేవాళ్ళు. ఆమెకంటే పెద్దవాడైన మా సారు కూడా అక్కా అనే పిలిచేవాడు. నేనూ అంతే. ఆమె మీద నాకున్న కుళ్ళు ఆ పిలుపులో ఎవరికీ వినిపించేది కాదని అనుకుంటాను.

మా కంపెనీ గుంటూరులో, అరండల్‌పేటలో ఒక పురుగుమందుల షాపు పైన ఉంటుంది. కోల్డ్ స్టోరేజీలకు సాఫ్ట్‌వేర్ చేస్తాం. ఏ రైతు బస్తాలు ఏ గదిలో ఉన్నాయి, ఎన్ని బయటికి పోయాయి, అంతా అందులో ఉంటుంది. ఈమధ్య అందరిలాగే మేమూ ఏఐ పెట్టాం. దాని చేతికి కొన్ని టూల్స్ ఇస్తాం. నిల్వ చూసేది ఒకటి, బస్తాలు పార్టీకి చూపించడానికి బయట పెట్టించేది ఒకటి, సరుకు పూర్తిగా అప్పగించేసేది ఇంకొకటి. ఏ టూల్ దేనికో, ఎప్పుడు వాడాలో ఒక్కోదానికి ఒక పేరా రాసిపెట్టాలి. ఏజెంట్ ఆ పేరాలు చదువుకుని, ఫోన్‌లో రైతు మాట విని, ఏ టూల్ వాడాలో తనే తేల్చుకుంటుంది. ఆ పేరాలు రాయడమే మా ఉద్యోగం, ఆమెదీ నాదీ. నన్ను మంచి తెలుగు రాస్తానని తీసుకున్నారు. ఎమ్‌సీఏ చదివి డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకునే ఆమెను ఎందుకు తీసుకున్నారో నాకు మొదట్లో అర్థం కాలేదు.

గుంటూరులో ఏజెంట్ అంటే మిర్చి యార్డులో కమీషన్ ఏజెంట్ గుర్తొస్తాడు. అందుకని అక్క దాన్ని కొత్త గుమస్తా అనేది. గొంతు ఆడపిల్లదైనా ఆమెకు మాత్రం వాడే. "మన గుమస్తా మహా చురుకైనోడు. చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. చెప్పనిది కూడా చేసేస్తాడు, అదీ భయం" అనేది.

ఆమె పొట్టిగా, గుండ్రంగా ఉండేది. చేతికి మగవాళ్ళ వాచీ పెట్టుకునేది. ఎవరి టిఫిన్ డబ్బాలో కూర బాగుంటే వాళ్ళ పక్కన కూర్చునేది. కీర్తన పాడితే శ్రుతి ఆ చుట్టుపక్కలకు కూడా వచ్చేది కాదు. ఈ ఒక్క విషయం నాకు చాలా ఊరటగా ఉండేది. వినయం అసలే లేదు. తను రాసిన వాక్యం కుదిరితే, "ఎంత బాగా వచ్చిందో చూడండర్రా" అని తనే పైకి చదివి, మళ్ళీ చదివి, వినని వాడి దగ్గరికి వెళ్ళి ఇంకోసారి చదివేది.

ఆమె టీ చెప్పడం వినితీరాలి. కింద బడ్డీకొట్టు అతనితో, "ఒక టీ, చక్కెర వద్దు. మర్చిపోయి చక్కెర వేశావనుకో, పారబొయ్యకు. అది ఈ అమ్మాయికిచ్చి నాకు ఇంకోటి పెట్టు" అనేది. అతను మర్చిపోయేవాడు కూడా. ఆ చక్కెర టీ నాకు వచ్చేది. పొరపాటు జరిగితే దాని సంగతేమిటో ముందే తేల్చిపెట్టుకోకుండా ఆమె ఏ పనీ ఎవరికీ చెప్పేది కాదు. గొడుగు అరువిస్తే, వాన వెలిశాక తడి గొడుగు ఎక్కడ పెట్టాలో, తను సీట్లో లేకపోతే ఎవరికివ్వాలో, వాళ్ళూ లేకపోతే ఏం చెయ్యాలో చెప్పి ఇచ్చేది. నవ్వుకునేవాళ్ళం. కానీ ఆమె గొడుగు ఎప్పుడూ పోలేదు. నావి రెండు పోయాయి.

దారి చెప్పడం ఇంకో వింత. అందరూ ఎటు తిరగాలో చెప్తారు. ఆమె తప్పిపోయామని ఎట్లా తెలుసుకోవాలో చెప్పేది. చర్చిలో కోత పండుగకు ఆఫీసువాళ్ళందరినీ ప్రత్తిపాడు పిలుస్తూ మా ఫోన్లకు పంపిన దారి నాకింకా గుర్తే: "ఊళ్ళోకి రాగానే ఎడమ పక్క సిమెంటు రోడ్డు. పసుప్పచ్చ గోడ చర్చి మాదే. నీళ్ళ ట్యాంకు కనపడితే దాటిపోయారు, వెనక్కి రండి. ట్యాంకు దగ్గర ఎవర్నీ అడగొద్దు, అక్కడివాళ్ళు ఇంకో చర్చికి పంపిస్తారు."

ఆ పండుగలో నాకు ఆమె రహస్యం తెలిసింది, తెలిసినా పనికి రాలేదు. వాళ్ళ నాన్న ఆ చర్చిలో పాస్టరు కింద ఉపదేశిగా ఉండేవాడట. పదో తరగతి నుంచీ ఆదివారం ఆరాధనలో ప్రకటనలు చదివేది ఆమే. ఆ రోజు పంట తొలికాయలూ కోళ్ళూ గుమ్మడికాయలూ తెచ్చి చర్చికిచ్చారు, వాటికి వేలంపాట. ఆమె తెల్లచీరలో లేచి నిలబడింది. "వేలం బయట పందిట్లో. లోపల కాదు. పాడుకున్నవాళ్ళు వస్తువు వెంటనే తీసుకెళ్ళండి. వదిలేసి పోతే మళ్ళీ పాడతాం, గొడవ పడొద్దు. భోజనాలు పాత బడిలో. చెప్పులు బయట వదలక్కర్లేదు" అని చెప్పి కూర్చుంది. ఒక్క పెద్ద మాట లేదు. అంతమందీ లేచి, ఒకరినొకరు ఏమీ అడక్కుండా, ఎక్కడికి పోవాల్సినవాళ్ళు అక్కడికి పోయారు.

అది చూసి నాకు ఒళ్ళు మండింది. నేను సభల్లో కథ చదివితే ముందు వరుసవాళ్ళు తల ఊపుతారు, వెనక వరుసవాళ్ళు మెల్లిగా లేచిపోతారు. ఈమె చెప్పులు విప్పక్కర్లేదని చెబితే మూడొందల మంది కదిలారు.

అన్నం తింటూ అడిగాను, ఇంత పట్టిపట్టి చెప్పడం ఎందుకని. చివరి చాప మీద కూర్చున్న ముసలమ్మల వైపు గడ్డం చూపించింది. "వాళ్ళు లేచి అడగరమ్మాయ్. మొహమాటం. అర్థమైన కాడికి చేసేసి పోతారు. తప్పైతే మాట వాళ్ళ మీద పడిద్ది. నేనెప్పుడూ వాళ్ళకే చెప్తా. ముందు కూర్చున్నోళ్ళకి ఎట్టాగూ అర్థమైద్ది" అంది.

ఆఫీసులో ఆమె రాసింది పరీక్ష చేసే తీరు వేరే ఎక్కడా చూడలేదు. కాగితం మన చేతికిచ్చి, "నేను పోయాననుకో. నన్నడగటానికి లేదు. ఇప్పుడు చదివి చెయ్యి" అనేది. అని ఊరుకునేది కాదు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, నోరు కొంచెం తెరిచి, చేతులు పొట్ట మీద పెట్టుకుని నిజంగా పోయినట్టే పడుకునేది. మనం ఏమడిగినా పలికేది కాదు. మనం ఎక్కడైనా తడబడి ఆగితే, ఒక కన్ను తెరిచి ఎక్కడ ఆగామో చూసి, మళ్ళీ మూసుకునేది. కోడ్ రాసే కుర్రాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. ఆ ఒక్క కన్ను చూసినచోట వాక్యం సాయంత్రానికి మారిపోయి ఉండేది.

నా పేరాలు కూడా అట్లాగే చదివేది, కాకపోతే అప్పుడు పోయింది నేనన్నమాట. నేను రాసిన మొదటి పేరా ఇది: "రైతు శ్రమఫలమైన సరుకును అతని అభీష్టం మేరకు శీతల గిడ్డంగి నుండి వెలుపలికి తెచ్చే సాధనం." రాసి, చాలాసేపు చూసుకుని మురిసిపోయాను. అక్క చదివి, "బాగుందమ్మా. శుభలేఖ మీద వేసుకోవచ్చు" అంది. తర్వాత అద్దాలు తీసి, "అభీష్టం ఏంటో రైతుకే తేలదు, మన గుమస్తాకేం తేలిద్ది? ఇది ఎప్పుడు వాడకూడదో ఎక్కడ రాశావ్?" అని అడిగింది. ఎక్కడా రాయలేదు. వాడకూడనిది ఎందుకు రాయాలని ఎదురడిగాను. ఆమె నా డబ్బాలో దొండకాయ వేపుడు తీసుకుంది.

మా ఇద్దరి సంగతి తేలిన రోజు ఒకటి ఉంది. మా సారు ఇద్దరినీ పిలిచి, "చూపించే టూలుకీ, అప్పగించే టూలుకీ ఇద్దరూ చెరో రకంగా రాయండి. రైతుల్ని పిలిపించి ఫోన్ చేయిద్దాం. ఎవరిది పనిచేస్తే ఇకముందు రాసేది వాళ్ళు. రెండోవాళ్ళు సరిచూస్తారు" అన్నాడు. రాసేవాళ్ళు ఒకరు, సరిచూసేవాళ్ళు ఒకరు. నాకు నిద్ర పట్టలేదు. నేను ఇంకొకరి వాక్యాలకు కామాలు పెట్టడానికి పుట్టలేదని నా గట్టి అభిప్రాయం. వచ్చే రైతుల్లో మా నాన్నను కూడా పిలిపించాను. గెలుస్తాననే పిలిపించాను, ఆయన కళ్ళముందు గెలవాలని.

ఏది ఎవరు రాశారో రైతులకు చెప్పలేదు. అంతా ఉత్తుత్తి ఫోన్లే, బస్తా ఒక్కటీ కదలదు. నాన్న వంతు వచ్చింది. మొదట నాది పెట్టారు.

"రేపు పార్టీ వస్తన్నాడమ్మా. బస్తాలు సిద్ధం చెయ్యండి" అన్నాడు నాన్న.

"అలాగేనండి. మీ సరుకు అప్పగించడానికి కాగితం సిద్ధం చేశాం. రేపు వచ్చినవారికి ఇచ్చేస్తాం" అంది ఏజెంట్.

నాన్న ఫోన్ వైపు పాముని చూసినట్టు చూశాడు. "ఇచ్చెయ్యమని ఎవరన్నారు? కాయ చూడకుండా, రేటు తెగకుండా ఎట్టా ఇస్తారు?"

నేను ఉండబట్టలేక, "చూపించడానికని నువ్వూ చెప్పలేదుగా నాన్నా" అన్నాను.

"చెప్పేదేంది? ఆ మాత్రం తెలీదా?"

గదిలో అందరూ నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. ఎందుకంటే నాకు తెలుసు. పలక పట్టకముందు నుంచీ తెలుసు. మొదటిసారి వచ్చే పార్టీ చూడటానికే వస్తాడు. బస్తా కుట్టు విప్పి గుప్పెడు కాయ తీసి, ఒకటి విరిచి, గింజ చూసి, వాసన పీల్చి వెళ్తాడు. బేరం ఆ తర్వాతే. మిరప పండించే ఇంట్లో పుట్టినదానికి అది ఒకరు చెప్పాల్సిన సంగతిగా కనపడదు. తెలిసినదే కాబట్టి రాయలేదు.

తర్వాత అక్క రాసింది పెట్టారు. నాన్న అదే మాట అన్నాడు. "వచ్చేవాళ్ళు చూసుకోవడానికా అండి, తీసుకెళ్ళిపోవడానికా?" అని అడిగింది ఏజెంట్. నాన్న ముఖం విప్పారింది. "ఇది తెలిసిన పిల్ల" అన్నాడు పక్క రైతుతో.

ఆమె రాసిన పేరా నేను చూడకుండా చెప్పగలను. చెప్పగలగడం నాకిష్టం లేదు, కానీ పోదు. "కొనేవాళ్ళకు చూపించడానికి బస్తాలు బయట పెట్టించే టూల్ ఇది. సరుకు ఇచ్చెయ్యడానికి కాదు, దానికి వేరే టూల్ ఉంది. రైతు 'పార్టీ వస్తున్నాడు' అని మాత్రమే అంటే చూడటానికో తీసుకెళ్ళడానికో ఇంకా చెప్పనట్టే. ఊహించకు, అడుగు. ఒక్కసారే అడుగు, రెండోసారి అడిగితే కోపం వస్తుంది. అడిగినా తేలకపోతే ఈ టూలే వాడు. బయట పెట్టిన బస్తాను మళ్ళీ లోపల పెట్టొచ్చు. ఇచ్చేసిన బస్తా తిరిగి రాదు."

ఇచ్చేసిన బస్తా తిరిగి రాదు. ఈ వాక్యం నాకు తట్టి ఉంటే ఒక కథంతా రాసి దాని చివర పెట్టేదాన్ని. ఆమె దాన్ని తీసుకెళ్ళి కోల్డ్ స్టోరేజీ సాఫ్ట్‌వేర్‌లో పారేసింది, అదీ ఒక యంత్రం చదువుకోవడానికి.

ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర అడిగాను. మిరపకాయ మా ఇంటిది, చూపించడానికీ అప్పగించడానికీ తేడా నాకు తెలిసినంత నీకు తెలియదు, మరి నీకెట్లా తట్టింది అని. మాటలో పుల్లదనం ఉండే ఉంటుంది. ఆమె పట్టించుకోలేదు.

"మా అమ్మ మీలాంటోళ్ళ చేలల్లో కాయ కోతకి పోయేది. సెలవులకి నేనూ పోయేదాన్ని. రంగు పోయిన తాలుకాయ ఎక్కడ పొయ్యాలని అడిగితే, 'ఆ మాత్రం తెలీదా' అనేవాళ్ళు. అడక్కుండా పోస్తే, 'అడగొచ్చు గదా' అనేవాళ్ళు" అని టీ ఊదుకుంది. "మన గుమస్తా పరిస్థితీ అదే. మీ నాన్న ఇయ్యాల వాణ్ణి అదే మాట అన్నాడు, విన్నావా? నాకు జాలేసింది."

ఎవరైనా సిగ్గుపడతారు. నేను సిగ్గు కూడా సరిగ్గా పడలేదు. నా దగ్గర లేనిది ఈమె దగ్గర ఇంకోటి ఉందే అనిపించింది. ఆమె కష్టం మీద కూడా నాకు కడుపు మండింది. అంతటి మనిషిని నేను.

ఇక రాసేది ఆమె, సరిచూసేది నేను. కుర్రాళ్ళు కొత్త టూల్ చేయగానే నా బల్ల దాటుకుని ఆమె దగ్గరికి వెళ్ళేవాళ్ళు. నేను ఆమె పేరాల్లో తప్పు కోసం వెతికేదాన్ని, తలలో పేను వెతికినట్టు. ఒకసారి దొరికింది. నిల్వ చూసే టూలులో, ఎన్ని బస్తాలున్నాయో రైతుకు చెప్పమని రాసింది. బస్తాలు తాతపేరున ఉండి మనవడు ఫోన్ చేస్తే చెప్పాలో వద్దో రాయలేదు. మా ఊళ్ళో సగం సరుకు పెద్దవాళ్ళ పేర్ల మీదే ఉంటుంది. నాలుగు మెట్లు ఒక్కసారి ఎక్కినంత సంబరంగా వెళ్ళి చెప్పాను. "అబ్బ, మంచి పట్టు పట్టావ్" అని అప్పటికప్పుడే దిద్దింది. మర్నాడు మా సారుతో, "తాతపేరు సంగతి మనం కనిపెట్టాం సార్" అనడం విన్నాను. మనం అట. ఆ మనంలో నేనెంతో, ఆమె ఎంతో రోజంతా లెక్కేసుకున్నాను.

వానాకాలంలో ఆమెకు జబ్బు బయటపడింది. చెప్పుకోవడానికి ఇష్టపడలేదు, నేనూ దాని పేరు రాయను. గుంటూరు ఆసుపత్రిలో చేరాక బత్తాయిలు తీసుకుని వెళ్ళాను. సగం మనిషి అయిపోయింది. వాచీ మణికట్టు మీద వదులై మోచేతి దాకా జారుతోంది. నేను వెళ్ళేసరికి బత్తాయి రసం ఎట్లా తియ్యాలో, గింజ పడితే ఏం చెయ్యాలో వాళ్ళ చెల్లెలికి చెబుతోంది. నన్ను చూసి, "రామ్మా. ఏమైనా అడగాలంటే ఇప్పుడే అడుగు" అంది. ప్రతిసారీ అనే 'నేను పోయాననుకో' అన్న మాట ఆ రోజు మాత్రం అనలేదు.

అడగాల్సినవి ఎన్నో ఉన్నాయి. సగంలో ఆగిన పేరాలు ఉన్నాయి. నేను మాత్రం అడిగింది వేరు. "నా కథలు ఎప్పుడైనా చదివావా అక్కా?"

"చదివా. ఒకటి."

"ఎట్లా ఉంది?"

ఆమె జారిన వాచీని మణికట్టు మీదికి లాక్కుంది. "చివర్లో ఆ పిల్ల బస్సెక్కిందా, ఎక్కలేదా?"

"అది చదివేవాళ్ళకే వదిలేశాను."

"వాళ్ళు నిన్నడగలేరు గదమ్మా" అంది, ఎంతో నెమ్మదిగా. వెక్కిరింత కాదు. అదే నాకు ఎక్కువ బాధ. బస్టాండులో కూర్చున్నప్పటి నుంచి ఇంటికెళ్ళే దాకా ఆమె మీద కోపంతోనే ఉన్నాను. చావుబతుకుల్లో ఉన్న మనిషి, బాగుందని ఒక్క మాట అంటే ఏం పోయిందని.

ఆమె పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. స్కూటీ మీద ప్రత్తిపాడు వెళ్ళాను. దారి ఎవరినీ అడగలేదు, ఆమె పంపిన మెసేజీ చాలు. ఏదో ఆలోచనలో సిమెంటు రోడ్డు దాటిపోయాను. ఎదురుగా నీళ్ళ ట్యాంకు కనపడింది. వెనక్కి తిప్పాను.

చర్చిలో పెట్టెలో పడుకోబెట్టారు. కోత పండుగనాటి తెల్లచీరే కట్టారు. కళ్ళు మూసుకుని, నోరు కొంచెం తెరుచుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుని ఉంది. ఆఫీసులో ఎన్నిసార్లు చూశానో ఆ భంగిమ. నేను పక్కన నిలబడి, ఒక కన్ను తెరుస్తుందేమోనని చూశాను. నిజంగానే చూశాను. వెనకవాళ్ళు జరగమన్నారు.

ఆరాధన అయ్యాక ఎవరో కొత్తమ్మాయి ప్రకటన చదివింది. "అందరూ అక్కడికి రావలసిందిగా మనవి" అంది. అక్కడంటే ఎక్కడో చెప్పలేదు. చివరి చాప మీది ముసలమ్మలు లేచి, కాసేపు నిలబడి, జనం ఎటు పోతే అటు పోయారు.

ఇప్పుడు రాసేది నేనే. సరిచూసేవాళ్ళు లేరు. ఆమె పేరాలన్నీ నా పేరు మీదికి వచ్చాయి. రాసుకున్న ప్రతిదాన్నీ తెరమీద పెట్టుకుని, అడగటానికి ఎవరూ లేని మనిషినై చదువుతున్నాను. ఎక్కడ తడబడ్డానో చూడటానికి ఆ ఒక్క కన్ను లేదు. పోటీ పోయినందుకు హాయిగా ఉండాల్సింది. ఆఫీసుకు వెళ్ళాలంటేనే విసుగ్గా ఉంది.

పట్టాలు కప్పడం అయింది. చినుకులు రెండు పడి ఆగిపోయాయి. నాన్న చేతులు దులుపుకుంటూ వచ్చి మంచం మీద నా పక్కన కూర్చున్నాడు.

"చెప్పలేదేందమ్మా. అది నువ్వు రాసిందేనా?"

మళ్ళీ అదే చూపు. కాదనాల్సిన మనిషి ఈ లోకంలో లేదు. కంప్యూటర్‌లో చూసినా నా పేరే ఉంటుంది. అవునంటే ఆయన ఊరంతా చెప్పుకుంటాడు, యార్డులో చెప్పుకుంటాడు, మా అమ్మాయి రాసిందని. అవును అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"కాదు నాన్నా" అన్నాను. "అక్క రాసింది. పోయిన నెలలో ప్రత్తిపాడు వెళ్ళొచ్చానే, ఆమె."

నాన్న తల ఊపాడు. వంగి, గాలికి లేస్తున్న పట్టా అంచు మీద ఒక రాయి జరిపి పెట్టాడు.

"అనుకున్నాలే" అన్నాడు. "ఆ రోజు మీ ఆఫీసులో నువ్వు నాతో పోట్లాడింది ఇంకోదాని తరపున గదా."

అప్పుడు వచ్చాయి నాకు కన్నీళ్ళు, ఆమె పోయాక మొదటిసారి. నాన్న ఆమె కోసమే అనుకుని నా వీపు నిమిరాడు. అందులో సగం ఆమె కోసం కాదు.